రెండో పాటలో ఏడుపు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. భయపడి అసలే రాయడం లేదు. ఒళ్లు మండి రాస్తున్నాను.

నాకంటే ముందు మా అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. నెలల పిల్లగా ఉండగానే జ్వరమొచ్చి పోయింది. బాప్తిస్మం ఇప్పించి పేరు పెట్టాలనుకుంటుండగానే అంతా అయిపోయింది. ఇంట్లో బుజ్జమ్మ అని పిలిచేవారట. ఒక్క ఫోటో లేదు. ఆ పిల్ల గుర్తుగా ఈ లోకంలో ఏదైనా మిగిలిందంటే, అది ఒక పాత రికార్డులో వినిపించిన ఏడుపు. దాన్ని ఆనవాలు లేకుండా తుడిచిపెట్టమని ఒక పెద్దమనిషి సరిగ్గా నా దగ్గరికే వచ్చాడు.

మాది ఏలూరు. పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించి, శుభ్రం చేసి ఇవ్వడం నా పని. ఇంటి ముందు గదే నా స్టూడియో. రికార్డును ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెడతాను. తర్వాత ప్లేయర్ మీద పెట్టి, వచ్చిన శబ్దాన్ని యథాతథంగా కంప్యూటర్లో దింపుతాను. అక్కడి నుంచి అసలు పని. టిక్కు టిక్కుమనే చప్పుళ్లు, గీతల గరగర, వెనకాల సన్నగా వచ్చే హోరు ఒక్కొక్కటిగా తీసేయాలి. ఎక్కువ తీస్తే పాట కూడా చచ్చిపోతుంది. చెవి మీద నమ్మకం ఉన్నవాడు చెయ్యాల్సిన పని.

ఈ పనిలో దయ్యాల కథలకు కొదవ లేదు. పాత రికార్డు తెచ్చిన ప్రతివాడికీ అందులో పోయిన వాళ్లెవరో వినిపిస్తారు. గుండుగొలను నుంచి ఒకాయన తన తండ్రి పాడిన పద్యాల రికార్డు తెచ్చాడు. పద్యం అయ్యాక నాన్నగారు తనను పిలిచినట్టు చిన్నగా దగ్గుతారని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తీరా వింటే అది మృదంగం వాయించే ఆయన దగ్గు. ఆ మాట చెబితే నా మీద అలిగి వెళ్లిపోయాడు. నేను అలాంటి మనిషిని. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చెప్పేది విని నన్ను కూడా ఆయన పక్కన కూర్చోబెట్టకండి.

పోయిన వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి జయకర్ గారని ఒక రిటైర్డ్ లెక్చరర్ వచ్చారు. తువ్వాలులో చుట్టిన చిన్న రికార్డు నా బల్ల మీద పెట్టారు. అట్ట మీద హార్మోనియం ముందు కూర్చున్న ఒక మనిషి ఫోటో. అది వాళ్ల నాన్నగారట, యేసుపాదం మాస్టారు. మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న వాళ్ల ఊరి చర్చిలో క్వయర్, అంటే పాటల బృందం నడిపేవారు. యాభై ఏళ్ల కిందట ఆయన క్వయర్‌ను మద్రాసు తీసుకెళ్లి, నాలుగు పాటలు పాడించి, సొంతంగా ఈ రికార్డు వేయించారు. ఇప్పుడు ఆ చర్చికి జూబిలీ. ఆ రోజు మైకులో ఈ పాటలు వేయాలి, తర్వాత యూట్యూబ్‌లో పెట్టాలి.

"అంతా బాగానే ఉందండి. రెండో పాట వెనకాల మాత్రం పసిపిల్ల ఏడుస్తున్నట్టు వస్తోందండి. మా చిన్నప్పుడు ఇది లేదు. ఈ మధ్యనే వస్తోంది. ఏదో పాడైనట్టుందండి. అది మాత్రం పూర్తిగా తీసేయాలి" అన్నారు.

పాడిన వాళ్లలో ఎవరైనా పిల్లను వెంట తెచ్చుకున్నారేమో అన్నాను. ఆయన నవ్వారు.

"అవకాశమే లేదండి. నాన్నగారు పసిపిల్లల్ని మద్రాసు దాకా రానిస్తారా? ఒకావిడైతే బిడ్డకి జ్వరమండి, నేను రాలేనండి అని కాళ్లావేళ్లా పడిందట. రెండో పాటలో సోలో ఆవిడదే. బిడ్డను దేవుడు చూసుకుంటాడు, నువ్వు దేవుడి పని చూడమ్మా అని రైలెక్కించేశారట. అంత డిసిప్లిన్ అండి నాన్నగారిది. ఇప్పుడెవరికుందండీ?"

ఆ బిడ్డ ఏమైందని అడిగాను.

"ఏమోనండి. అది నాన్నగారు ఎప్పుడూ చెప్పలేదు."

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. మెత్తగా, మర్యాదగా మాట్లాడతారు. వెళ్తూ వెళ్తూ మంచినీళ్లు ఇచ్చినందుకు మా ఆవిడ శాంతికి దండం కూడా పెట్టారు. అదే నాకు మరీ మంట.

ఆయన వెళ్లాక అమ్మ లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అమ్మకు డెబ్బై అయిదు దాటాయి. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. ఎవరొచ్చారని అడిగింది. చెప్పాను. నెమ్మదిగా వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

"ఆ సోలో నాదే నాన్నా" అంది.

అమ్మ పాడేదని నాకు తెలియదు. చర్చిలో అందరూ పాడుతుంటే పాటల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చిన్నప్పుడు ఎందుకు పాడవని అడిగితే గొంతు లేదురా అనేది. బుజ్జమ్మ జ్వరంతో పోయిందని తెలుసు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు.

అప్పుడు మా నాన్న ఆ ఊరి చర్చి బడిలో టీచరు. అమ్మ రానంటే, మాస్టారు ఇద్దరు సంఘపెద్దలను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారట. నువ్వు రాకపోతే ఇంతమంది శ్రమ పాడవుతుంది, రేపటి నుంచి మీ ఇద్దరినీ ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షారసం తీసుకోవడానికి రానివ్వం, ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోమను మీ ఆయన్ని అన్నారట. నాన్న తలవంచుకుని నిలబడ్డాడట. పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలేసి అమ్మ రైలెక్కింది.

"పాలు పొంగి జాకెట్టు తడిసిపోతోందిరా. చీర కొంగు చుట్టూ కప్పుకుని పాడాను. అందరూ బాగా పాడావన్నారు" అంది.

అమ్మ పాడిన ఆ మధ్యాహ్నమే ఊళ్లో బుజ్జమ్మ పోయింది. వీళ్లు తిరిగి వచ్చేసరికి పాతిపెట్టడం కూడా అయిపోయింది. అమ్మ ఇదంతా కంది గింజలు ఏరుతున్నంత మామూలుగా చెప్పింది. నేను మాత్రం ఆ అట్ట మీద ఫోటోను చింపేయాలన్నంత కోపంతో గదిలో అటూ ఇటూ తిరిగాను. చనిపోయిన మనిషిని ఏం చెయ్యగలం? బతికున్న కొడుకేమో దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్న రికార్డు కడిగి ప్లేయర్ మీద పెట్టాను.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. రికార్డు మీద ముల్లు నడిచే గాడికి రెండు గోడలుంటాయి. ఇలాంటి పాత మోనో రికార్డుల్లో రెండు గోడల మీదా ఒకే పాట ఉంటుంది. దుమ్ము, గీతలు మాత్రం ఏ గోడవి ఆ గోడకే ఉంటాయి. కంప్యూటర్లో ఒక గోడ శబ్దంలోంచి రెండో గోడ శబ్దాన్ని తీసివేస్తే, పాట పూర్తిగా మాయమై మురికి ఒక్కటే మిగులుతుంది. దాన్ని నేను తేడా ఫైలు అంటాను. ఎంత పాడైందో తెలుసుకోవడానికి ముందు అదే వింటాను.

రెండో పాట తేడా ఫైల్లో పాట లేదు. హార్మోనియం లేదు. దుమ్ము చప్పుడు మధ్యలో పసిపిల్ల ఏడుస్తోంది.

సినిమాల్లో లాగా భయంగా ఏమీ లేదు. జ్వరంతో ఉన్న పిల్లలు ఎలా ఏడుస్తారో అలాగే ఉంది. నీరసంగా, గొంతు బొంగురుపోయి, మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగుతూ. ఇద్దరు పిల్లల్ని పెంచిన వాడిని, ఆ ఏడుపు నాకు తెలియకపోవడం ఏమిటి?

శాంతిని పిలిచి వినిపించాను. విని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది.

స్టూడియోలో వేరే మైకు ఏదైనా పట్టిందేమో అనుకున్నాను. అలాగైతే పక్కనే పదిమంది పాడుతున్న పాట కూడా కొంతైనా అందులో పడాలి. పిల్ల ఏడుపు మాత్రం విని, పాటను వినని మైకు ఎక్కడా లేదు. ప్లేయర్ ముల్లు మార్చాను. అదే ఏడుపు. జయకర్ గారిని అడిగితే వాళ్లింట్లో మిగిలిపోయిన ఇంకో కాపీ బస్సులో పంపించారు. అది ఎవరూ ఒక్కసారి కూడా వేయని రికార్డు. అందులోనూ అదే చోట అదే ఏడుపు. విజయవాడలో ఇదే పని చేసే మిత్రుడికి ఆ కాపీ పంపించి, ఏమీ చెప్పకుండా రెండో పాట చూడమన్నాను. సాయంత్రం ఫోన్ చేసి, ఎవరిదిరా ఆ పిల్ల అని అడిగాడు. మిగతా మూడు పాటల్లో దుమ్ము తప్ప ఏమీ లేదు.

నన్ను నిజంగా కుదిపింది ఇవేవీ కాదు. పల్లవి క్వయర్ అంతా పాడుతుంది. చరణం అమ్మ ఒక్కతే పాడుతుంది. తేడా ఫైలును పాట పక్కన పెట్టి చూస్తే, పల్లవి అంతసేపూ పిల్ల ఏడుస్తూనే ఉంది. అమ్మ చరణం అందుకోగానే ఏడుపు తగ్గిపోతోంది. చరణం అయిపోగానే మళ్లీ మొదలు. ప్రతి చరణానికీ అంతే. ఆ పిల్ల అమ్మ పాట వింటోంది. కొల్లేటి ఒడ్డున పోయిన పిల్ల, మద్రాసులో పాడుతున్న పాటను వింటోంది. ఇది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది, కానీ నేను విన్నది ఇదే.

జయకర్ గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ నాన్నగారు రైలెక్కించింది మా అమ్మనే, ఆ బిడ్డ చచ్చిపోయింది, ఆ ఏడుపు నేను తీయను అన్నాను.

"అయ్యో, నాకు తెలియదండి. వెరీ సారీ అండి" అన్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "కానీ మీరే ఆలోచించండి. జూబిలీ రోజు అంతమందిలో ఆ ఏడుపు వినిపిస్తే పాట ఎవరు వింటారండీ? నాన్నగారి పేరు కూడా చూడాలి కదండీ. మీకు కష్టంగా ఉంటే రికార్డు ఇచ్చేయండి. హైదరాబాదులో చేసేవాళ్లున్నారట, అక్కడ చేయించుకుంటాను" అన్నారు.

నాకు తిట్లు వచ్చు. కానీ అండీ అండీ అంటూ మాట్లాడే మనిషిని ఎలా తిట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. రెండు రోజుల్లో పంపిస్తానని ఫోన్ పెట్టేసి, బల్ల మీద గ్లాసు విసిరి కొట్టాను. ఆయన రికార్డు ఆయన తీసుకుంటాడు. హైదరాబాదులో ఎవడో కుర్రాడు ఒక్క బటన్ నొక్కి పిల్లను తీసేస్తాడు. ఊళ్లో అందరూ మాస్టారి పాట ఎంత బాగుందో అనుకుంటారు. కనీసం నా దగ్గరున్న ఫైలైనా దాచుకోవాలని మూడు చోట్ల కాపీలు చేసి పెట్టాను.

అమ్మకు వినిపించాలా వద్దా అన్నది ఇంకో బాధ.

"వద్దండి. అత్తయ్య గారు ఈ వయసులో తట్టుకోలేరు" అంది శాంతి. నాకూ అదే అనిపించింది. ఇన్నేళ్లకు మానిన పుండును మళ్లీ రేపడం ఎందుకు?

మర్నాడు మధ్యాహ్నం అమ్మ భోంచేసి పడుకుందనుకుని, హెడ్‌ఫోన్లు లేకుండా స్పీకర్లలోనే తేడా ఫైలు పెట్టాను. తలుపు చేరవేసి ఉంది. బయట ఎండ మండిపోతోంది. పిల్ల ఏడుస్తోంది. చరణం వచ్చే చోటికి ఇంకా కొంచెం ఉంది.

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. నేను ఆపబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపొద్దంది. ఎవరిదని అడగలేదు. గోడకు ఆనుకుని అలాగే నిలబడి పాడటం మొదలుపెట్టింది.

గొంతు వణుకుతోంది, పైకి వెళ్లే చోట చీలిపోతోంది. కానీ అదే చరణం. ఆ ఫైల్లో పాట లేదని మళ్లీ చెబుతున్నాను. ఎక్కడ అందుకోవాలో చెప్పడానికి హార్మోనియం లేదు, తాళం లేదు, దుమ్ము చప్పుడు తప్ప ఏమీ లేదు. నా స్క్రీన్ మీద పాట ఫైలు కూడా శబ్దం లేకుండా పక్కనే కదులుతోంది. రికార్డులో ఆమె గొంతు ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడే అమ్మ అందుకుంది.

ఏడుపు తగ్గింది. చరణం అయిపోయాక పల్లవి చోట మళ్లీ మొదలవ్వాలి. ఈసారి అమ్మ ఆపలేదు. క్వయర్ పాడాల్సిన పల్లవి కూడా తనే పాడింది. ఏడుపు మొదలవలేదు. చివరి దాకా పాడింది. చివరి దాకా మళ్లీ రాలేదు.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లి పడుకుంది. నేను ఫైలును మొదటి నుంచి వేశాను. దుమ్ము చప్పుడు. కాపీలు మూడూ తెరిచాను. దుమ్ము చప్పుడు. రికార్డునే మళ్లీ ప్లేయర్ మీద పెట్టాను. ఏమీ లేదు. విజయవాడ మిత్రుడికి ఫోన్ చేశాను. వాడి దగ్గరున్న ఫైల్లోనూ లేదు, పంపించిన కాపీలోనూ లేదు. నేను విన్నానురా, నిజంగా విన్నాను అని అంటూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ విషయం ఎత్తితే మాట మారుస్తాడు.

జయకర్ గారికి రికార్డుతో పాటు, ఒక్క చప్పుడు కూడా తీయకుండా ఉన్నదున్నట్టు ఫైలు పంపించేశాను. శుభ్రం చేయడానికి నాకు చేతులు రాలేదు. ఆయన ఫోన్ చేశారు.

"అద్భుతంగా చేశారండి. ఏడుపు ఆనవాలు కూడా లేదు. ఏమీ మనసులో పెట్టుకోకుండా చేశారు, దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు" అన్నారు.

ఆయన అడిగింది ఆయనకు దొరికింది. నేను ఒప్పుకోను అన్న పని నా ప్రమేయం లేకుండానే జరిగిపోయింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు.

జూబిలీ రోజు అమ్మ తనను ఊరికి తీసుకెళ్లమంది. కారులో వెళ్లాం. చర్చి ముందు షామియానా, మాస్టారి ఫోటోకు పూలదండ. అమ్మ కారు దిగలేదు. సమాధుల దొడ్డి దగ్గరికి పోనీ అంది. పెద్దవాళ్ల సమాధులు ఉన్నాయి. పసిపిల్లల్ని పాతిపెట్టే వెనక భాగం ఎప్పుడో చేపల చెరువులో కలిసిపోయింది. గట్టు మీద కొబ్బరి మొక్కలు, నీళ్లను చిలికే ఏరేటర్లు.

మాలో ఎవరైనా పోతే, అయిన వాళ్లందరూ గోతిలో తలా పిడికెడు మట్టి వేస్తారు. తల్లి వెయ్యకుండా గొయ్యి పూడ్చరు. బుజ్జమ్మకు మాత్రం అమ్మ మట్టి పడకుండానే పూడ్చేశారు. అమ్మ గట్టు మీద వంగి మట్టి తీసి నీళ్లలో వేసింది. మేత అనుకుని చేపలు గుంపుగా పైకి వచ్చి, నోళ్లు తెరిచి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాయి.

అదే సమయానికి చర్చి మైకులో రెండో పాట వేశారు. చెరువుల మీదుగా అమ్మ పాతికేళ్ల వయసు నాటి గొంతు వినబడింది. తర్వాత పాట శుభ్రం చేసిచ్చిన ఏలూరు సోదరుడికి వందనాలు అని నా పేరు చెప్పారు. ఇప్పుడే వెళ్లి ఆ మైకు లాక్కుని, జరిగిందంతా చెప్పేస్తానన్నాను.

అమ్మ చెయ్యి దులుపుకుంది.

"మాస్టారు పోయినప్పుడు నాకూ కబురు పెట్టారు. ఊరంతా వెళ్లారు. నేను వెళ్లి మట్టి వెయ్యలేదు. నా కోపం నేను అలా తీర్చుకున్నాను. నీ కోపం నీ ఇష్టం నాన్నా" అంది.

నేను చర్చికి వెళ్లలేదు. నా కోపం తీరనూ లేదు. అప్పుడప్పుడు ఆ తేడా ఫైలు పెట్టుకుని వింటాను. దుమ్ము చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ పిల్ల గొంతు యాభై ఏళ్ల తర్వాత అందులోకి ఎలా వచ్చిందో, అన్ని కాపీల్లోంచీ ఒకేసారి ఎలా పోయిందో నాకు తెలియదు. నా చదువుకు, నా చెవికి అందలేదు. ఎక్కడికి పోయిందో అమ్మను అడిగితే చెబుతుందేమో. అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాలడం లేదు.